కొర్రీ గ్రంథి

ఆ ఆఫీసులో పరాంకుశం కొర్రీ వెయ్యని ఫైలు లేదు. ప్రభుత్వ కార్యాలయం మెట్లు ఎన్నడూ ఎక్కని అదృష్టవంతులు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల కోసం చెప్పాలి: కొర్రీ అంటే ఫైలు మీద గుమాస్తా రాసే అడ్డుప్రశ్న. ‘జతపరచినట్లు పేర్కొన్న కాగితం జతపరచలేదు, ఎందువలన?’ అన్నది చిన్న కొర్రీ. కాగితం తెచ్చి జతపరిచాక, ‘ఈ కాగితం ఇప్పుడు జతపరచుటకు కారణమేమి?’ అన్నది పెద్ద కొర్రీ. ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఇరవై రెండేళ్లుగా కూర్చున్న పరాంకుశం రెండు రకాలూ వేసేవాడు. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టు పైకి పంపిన పాపాన పోలేదు.

ఇంట్లోనూ అదే వరస. భార్య వకుళ చారు పోస్తే, ఇది నిన్నటిదా ఇవాళ్టిదా అని అడిగేవాడు. ఇవాళ్టిదే అంటే, మరి నిన్నటిది ఏమైంది అనేవాడు.

“మీకు అన్నం పెట్టే కంటే మీ ఆఫీసులో అర్జీ పెట్టుకోవడం నయం” అని ఆవిడ గరిటె గిన్నెలో పడేసేది.

పరాంకుశం కొర్రీల మీద కొర్రీలు వెయ్యగల మొనగాడు ఆఫీసు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆయన సూపరింటెండెంటు మార్కండేయులు. పరాంకుశం నీలి సిరాతో నోటు రాస్తే ఆయన ఎర్ర సిరాతో దాన్ని చీల్చి చెండాడేవాడు. నాలుగో వార్డు కిటికీకి ఊచ ఒకటి ఊడిందన్న ఫైలు వాళ్లిద్దరి మధ్య పదకొండేళ్లు తిరిగింది. ఈలోగా ఆ కిటికీ పోయింది, కిటికీ ఉన్న గోడ కూడా పోయింది, ఫైలు మాత్రం నిక్షేపంగా ఉంది. అలా పగలంతా కాగితం మీద ఒకరినొకరు నరుక్కుని, నాలుగయ్యేసరికి ఇద్దరూ కలిసి క్యాంటీనుకి వెళ్లి పక్కపక్కన కూర్చుని టీ తాగేవారు. అక్కడ ఫైళ్ల మాట ఎత్తకూడదని ఒప్పందం.

ఇలా సుఖంగా సాగుతున్న ఆఫీసుకి కొత్త డైరెక్టరుగా డాక్టర్ కోదండపాణి వచ్చాడు. ఆయన ఏదో చలిదేశంలో పది రోజులు శిక్షణ పొంది, ఒక తోలు కోటూ, ఒక కొత్త ఆపరేషనూ పట్టుకొచ్చాడు. కోటు మన ఎండలకి పనికిరాలేదు. ఆపరేషన్ని వదిలిపెట్టడం ఇష్టం లేక సిబ్బందినంతా హాల్లో సమావేశపరిచాడు.

“మిత్రులారా, మానసిక రోగమనగా నేమి?” అని ఆయన మొదలుపెట్టాడు. “ఎవరైనా విసిగిస్తే మనమేమంటాం? పిచ్చి ప్రశ్నలు వెయ్యకు అంటాం. పిచ్చి ప్రశ్న! పిచ్చికీ ప్రశ్నకీ గల అవినాభావ సంబంధాన్ని మన భాష ఏనాడో గుర్తించింది, వైద్యశాస్త్రమే ఆలస్యంగా మేల్కొన్నది. ప్రశ్న పుట్టు స్థానం మెదడు ముందు భాగమున కందిగింజ ప్రమాణంలో కలదు. దానిని తొలగించినచో ప్రశ్న ఉండదు. ప్రశ్న లేనిచోట పిచ్చి ఉండజాలదు. వ్యవధి ఇరవై నిమిషాలు.”

హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక వరసలో పరాంకుశం పక్కకి వంగి, “కందిగింజంతా, కందిబద్దంతా? దానికీ దీనికీ సగానికి సగం తేడా ఉందండీ” అన్నాడు.

“పొట్టుతోనా, పొట్టు తీసా అని కూడా అడగవయ్యా” అన్నాడు మార్కండేయులు.

ఆ కందిగింజకి గుమాస్తాలు కొర్రీ గ్రంథి అని పేరు పెట్టారు. వేళాకోళానికి పెట్టిన పేరు వారం తిరిగేసరికి సర్క్యులర్లోకి ఎక్కి కూర్చుంది.

మొదటి ఆపరేషను నాలుగో వార్డులో ఉన్న సోమలింగానికి జరిగింది. అతను నేతపనివాడు. తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే రౌండ్సుకొచ్చిన డాక్టరు ఎవరైనా సరే, “అయ్యా, నన్నింటికెప్పుడు పంపుతారు?” అని అడిగేవాడు. ఆసుపత్రి రికార్డుల్లో అతని రోగలక్షణం కింద ఈ వాక్యమే రాసి ఉంది. సర్జన్ డాక్టర్ హేమనళిని ఆపరేషను చేసింది. మూడోనాడు డైరెక్టరు స్వయంగా మంచం దగ్గరికి వచ్చాడు. సోమలింగం ఏమీ అడగలేదు.

“ఇంటికి వెళతావా?” అన్నాడు డైరెక్టరు.

“అలాగేనండి.”

“ఇక్కడే ఉంటావా?”

“అలాగేనండి.”

“సంపూర్ణ స్వస్థత!” అని డైరెక్టరు సోమలింగాన్ని డిశ్చార్జి చేసినట్టు ఒక రిజిస్టర్లోనూ, అతని కోరిక మేరకు ఉంచుకున్నట్టు ఇంకో రిజిస్టర్లోనూ సంతకం పెట్టాడు. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మనిషి ఆ మంచం మీదే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అతని ఊరు ఏమిటని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

దరిమిలా పథకం తాలూకు సర్క్యులరు పరాంకుశం సీటుకి వచ్చింది. ‘ఒకే విషయమై మూడు పర్యాయములకు మించి ప్రశ్నించు వ్యక్తి ఎవరైనను సదరు చికిత్సకు అర్హుడు. ప్రతి శుక్రవారము పన్నెండు శస్త్రచికిత్సలు విధిగా జరుపవలెను’ అని అందులో ఉంది. పరాంకుశం రెండుసార్లు చదివి, పండగ భోజనానికి కూర్చున్నవాడిలా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రోగి అంగీకార పత్రం ఎప్పుడు తీసుకోవాలో సర్క్యులరులో లేదు. అదే కొర్రీ రాశాడు.

డైరెక్టరు సమాధానం మర్నాడే వచ్చింది. ‘శస్త్రచికిత్సకు ముందు అడిగిన పదిమందిలో పదిమందియు నిరాకరించిరి. తరువాత అడిగిన పదిమందిలో పదిమందియు అంగీకరించిరి. కావున అంగీకారమును తరువాతనే తీసుకొనవలెను.’

పరాంకుశానికి ఒంట్లో ఎక్కడో చలి పుట్టింది. కానీ కాగితం నిబంధనల ప్రకారం చక్కగా ఉంది. తేదీ ఉంది, ముద్ర ఉంది, అడిగిన ప్రశ్నకి జవాబు ఉంది. అతను ఫైలు మూసేశాడు.

రెండు నెలల్లో వార్డుల్లో ప్రశ్నలు అడిగేవాళ్లు అయిపోయారు. శుక్రవారాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. రోగుల్ని చూడ్డానికొచ్చి, “మావాడికి ఎలా ఉందండీ?” అని నాలుగోసారి అడిగిన చుట్టాలతో కొన్నాళ్లు లెక్క సరిపెట్టారు. చుట్టాలు రావడం మానేశారు. ఇక సిబ్బంది వంతు వచ్చింది. సిస్టర్ కరుణమ్మకి మొదట్లోనే ఆపరేషను చేసి, ఆమె చేతికి ప్రశ్నల రిజిస్టరు ఇచ్చారు. ఎవరు ఏది అడిగినా ఆమె గీత గీసేది, నాలుగో గీతకి గంట కొట్టేది. డ్యూటీ తప్పితే ఆమెకి లోకం లేదు.

డాక్టర్ హేమనళిని ఒక పూట, “సార్, మనం తీసేస్తున్న ముక్క ఇంకా దేనికైనా పనికొస్తుందేమో ముందు కనుక్కుంటే బాగుండదా?” అంది. ఆ మాటే నాలుగు తీర్లుగా నాలుగుసార్లు అంది. పక్క జిల్లా నుంచి సర్జన్ని పిలిపించారు. సోమవారం నాటికి హేమనళిని మళ్లీ డ్యూటీలో ఉంది. చెయ్యి ఇప్పుడు ఏమాత్రం వణకడం లేదని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత సమావేశంలో మార్కండేయులు లేచాడు. “సార్, ఈ టార్గెట్టు ఎవరు పెట్టారండీ?” అన్నాడు. “పూర్తయితే ఆపుతామా?” అన్నాడు. “ఆపకపోతే మిగిలేదెవరు?” అన్నాడు. ఆ వేడిలో గొంతెండిపోయి, “టీ ఎప్పుడిస్తారు?” అన్నాడు. కరుణమ్మ గంట కొట్టింది.

పరాంకుశం సీటుకి పరిగెత్తాడు. నాలుగో ప్రశ్న టీకి సంబంధించినది, పథకానికి సంబంధించినది కాదు, కావున ‘ఒకే విషయమై’ అన్న షరతు నెరవేరలేదు. ఇంతకంటే బ్రహ్మాండమైన కొర్రీ తన సర్వీసులో వెయ్యలేదు. ఆరు పేజీలు రాశాడు. అది డైరెక్టరు బల్ల మీద పడితే మార్కండేయులు తల దక్కినట్టే. కానీ సీనియర్ అసిస్టెంటు నోటు సూపరింటెండెంటు ద్వారానే పైకి వెళ్లాలి. సూపరింటెండెంటుని దాటించి ఫైలు పంపడం పరాంకుశానికి ఊహకి కూడా అందే పని కాదు. కాబట్టి మార్కండేయులు ప్రాణం కాపాడే ఫైలు మార్కండేయులు బల్ల మీదకే వెళ్లింది.

ఆయన ఆసాంతం చదివాడు. కళ్లజోడు సవరించుకున్నాడు. చెయ్యి ఆగలేదు. ఎర్ర సిరాతో, ‘సమావేశ కాలములో కోరిన టీ సమావేశ విషయములో అంతర్భాగము కాదనుటకు ఆధారమేమి?’ అని రాసి వెనక్కి పంపాడు.

“మార్కండేయులు గారూ, ఇది మీ తలకి సంబంధించిన ఫైలండీ!” అన్నాడు పరాంకుశం ఆయన బల్ల దగ్గరికి వెళ్లి.

“తల నాదే కావచ్చునయ్యా, నోటు నీది. మూడో పేరాలో బలం లేదు. సరిగ్గా రాసి పట్రా, సంతకం పెడతాను” అన్నాడాయన.

పరాంకుశం పాత సమావేశాల మినిట్సన్నీ తిరగేసి, టీని వేరే అంశంగా నమోదు చేసిన దాఖలాలు మూడు పట్టుకుని, నోటు తిరగరాసి తెచ్చేసరికి శుక్రవారం సాయంత్రమైంది. కుర్చీ ఖాళీగా ఉంది.

సోమవారం మార్కండేయులు తలకి తెల్లటి గుడ్డ కట్టుకుని వచ్చాడు. మొహం నిగనిగలాడుతోంది. పరాంకుశం కిటికీ ఫైలు తీసి, ఎప్పటిలాగే రెండు పేజీల అభ్యంతరం రాసి పంపాడు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. అడుగున ‘సమ్మతమే’ అని ఉంది. పరాంకుశం ఈసారి, ‘సూపరింటెండెంటు గారి పూర్వపు అభిప్రాయములన్నియు తెలివితక్కువవి’ అని రాసి పంపాడు. ‘సమ్మతమే’ అని వచ్చింది. అతను బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని, పంపు తిప్పి ఏడ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆఫీసులో ఏడవడం అదే మొదలు.

వారం తిరక్కుండా పరాంకుశానికే నోటీసు వచ్చింది. అతని ప్రశ్నలు లెక్కపెట్టడానికి కరుణమ్మకి రెండు రిజిస్టర్లు పట్టాయి. వచ్చే శుక్రవారం ఉదయం పదకొండింటికి హాజరు కావలెను.

నోటీసు చదివి వకుళ మొదట నవ్వింది. “పోనీ, చేయించుకోకూడదూ? ఇంట్లో నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటుంది” అంది. మర్నాడు మార్కండేయులు ఇంటికి వెళ్లి ఆయన భార్యని పలకరించి వచ్చింది. వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“ఆవిడ ఆదివారం కూరలో ఉప్పు మర్చిపోయిందిట. ఆయన బాగుందని తిన్నాడు. కావాలని సోమవారం కూడా వెయ్యలేదు, తిన్నాడు. మంగళవారం కూర వండకుండా మానేసి ఉత్త కంచం పెట్టిందిట. కూర్చుని, లేచి, చెయ్యి కడుక్కున్నాడుట. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు. మీరు శుక్రవారం వెళ్లద్దండీ.”

“వెళ్లకపోతే సెలవు పెట్టాలి కదా. కారణం ఏం రాయను?”

“మీ ఆవిడకి మీరు ఇలాగే కావాలని రాయండి” అంది వకుళ. చెంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

అలాంటి కారణానికి సెలవు నిబంధనల్లో చోటు లేదు. పరాంకుశం రాత్రంతా వెతికి, శుక్రవారం పదకొండింటికి అయిదు నిమిషాల ముందే ఆపరేషన్ గదిలో ఉన్నాడు. ఇద్దరు వార్డుబాయిలు అతన్ని బల్లమీదకి ఎక్కించి పట్టీలు బిగించారు. డాక్టర్ హేమనళిని చేతికి తొడుగులేసుకుని వచ్చి నిలబడింది. డైరెక్టరు తలుపు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. కరుణమ్మ రిజిస్టరు తెరిచింది.

“మొదలుపెట్టండి” అన్నాడు డైరెక్టరు.

“అలాగేనండి” అని హేమనళిని కత్తి అందుకుంది.

పరాంకుశం బల్లమీంచి తల పైకెత్తాడు. “వద్దండీ!” అని అరిచాడు.

“అలాగేనండి” అని ఆమె కత్తి దించింది.

ఈవిడ ఎవరు ఏది చెబితే అది వింటుందన్న సంగతి డైరెక్టరుకీ, పరాంకుశానికీ ఒకేసారి తట్టింది.

“కొయ్యండి!” అన్నాడు డైరెక్టరు.

“అలాగేనండి.”

“వద్దు!”

“అలాగేనండి.”

కత్తి పైకి లేచేది, కిందికి దిగేది. పదకొండింటికి మొదలైన ఈ వ్యవహారం ఒంటిగంటన్నర దాకా నడిచింది. మధ్యలో డైరెక్టరు నీళ్లు తాగుదామని గ్లాసెత్తితే, ఆ గుక్కెడుసేపూ పరాంకుశం “వద్దు, వద్దు, వద్దు” అని నిల్వ చేసుకున్నాడు. హేమనళిని అన్నింటికీ విడివిడిగా “అలాగేనండి” చెప్పింది. ఇద్దరికీ గొంతులు బొంగురుపోయాయి. ఆఖరికి డైరెక్టరు కుర్చీలోంచి లేచి, కొట్టినంత పని చేశాడు.

“ఎందుకయ్యా వద్దు?” కరుణమ్మ గీత గీసింది. “అందరూ చేయించుకోలేదూ?” ఇంకో గీత. “నీ ఒక్కడి తలేమైనా బంగారమా?” మూడో గీత. “అసలు నీకు వద్దనే హక్కెవరిచ్చారు?”

కరుణమ్మ గంట కొట్టింది.

వార్డుబాయిలు పరాంకుశం పట్టీలు ఊడదీసి పక్కన నిలబెట్టి, డైరెక్టర్ని రెండు రెక్కలూ పట్టుకుని బల్ల ఎక్కించారు. ఆయన “వద్దు!” అని కేకపెట్టాడు. హేమనళిని “అలాగేనండి” అంది. వెంటనే కరుణమ్మ సర్క్యులరు తీసి, “ఎవరైనను సదరు చికిత్సకు అర్హుడు” అని చదివింది. హేమనళిని దానికీ “అలాగేనండి” అంది. మనిషికైతే గొంతు బొంగురుపోతుంది గానీ సర్క్యులరుకి పోదు.

“ఆ సర్క్యులరు నేనే రద్దు చేస్తున్నాను!”

“రోగి జారీచేసిన ఉత్తర్వు చెల్లదండీ. ఏడో క్లాజు. మీరే రాశారు” అంది కరుణమ్మ ఎంతో మర్యాదగా.

డైరెక్టరు తల తిప్పి చూశాడు. ఆ గదిలో ఎదురుచెప్పగల ప్రాణి ఒక్కటే కనిపించింది.

“పరాంకుశం గారూ!” అన్నాడాయన. గారు అనడం అదే మొదటిసారి. “ఏదైనా కొర్రీ వెయ్యండి! మీకు పుణ్యముంటుంది, ఒక్క కొర్రీ!”

పరాంకుశం కదల్లేదు. మార్కండేయులు మొహం కళ్లముందు ఆడింది. ఆ నిగనిగ, ఆ తెల్లగుడ్డ. రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు, అన్నీ నిబంధనల ప్రకారమే జరిగిపోతాయి. తననెవరూ తప్పుపట్టలేరు. ఈయన లేచి తిరిగి ఎంతమంది తలలు కోయిస్తాడో! కానీ ఇంకో మనిషి అలా ఉత్త కంచం ముందు కూర్చుని లేవడం అతను భరించలేడు. ఆ మనిషి ఈ కోదండపాణి అయినా సరే.

“ఫైలు ఇలా ఇవ్వండి సిస్టర్” అన్నాడు.

నాలుగు గీతలూ సరిగ్గా ఉన్నాయి. తేదీ ఉంది, వేళ ఉంది, సాక్షి సంతకాలున్నాయి. ఒకే విషయమై నాలుగు ప్రశ్నలు, టీ ఊసు లేదు. పరాంకుశం కిందనుంచి పైకి, పైనుంచి కిందికి వెతికాడు. ఇరవై రెండేళ్లలో తప్పులేని కాగితం చూడటం అతనికది రెండోసారి. కత్తి డైరెక్టరు నుదుటి మీదకి వచ్చింది. పరాంకుశం పెన్ను తీసి, ఏ నిబంధన నంబరూ వెయ్యకుండా, ‘ఈ మనిషి తల ఎందుకు కోయవలెను?’ అని రాసేశాడు.

కరుణమ్మ ఫైలు చూసింది. “కొర్రీ పడిందండీ. సమాధానం వచ్చేదాకా ఆపాలి” అంది.

“అలాగేనండి” అంది హేమనళిని.

డైరెక్టరు బల్ల దిగాడు. పంచిన స్వీట్లు అందనివాడిలా మొహం పెట్టుకుని, చొక్కా సరిచేసుకుని, ఎవరివంకా చూడకుండా వెళ్లిపోయాడు. కృతజ్ఞత చెబుతాడేమోనని పరాంకుశం కాసేపు వరండాలో నిలబడ్డాడు. సోమవారం పొద్దున్న మెమో వచ్చింది. ‘ఏ నిబంధన క్రింద పై కొర్రీ వేసితిరో, సదరు కొర్రీ వేయుటకు గల అధికారమేమో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

పరాంకుశం దాన్ని చదివి, మళ్లీ చదివి, బల్లకేసి నొక్కి మడతలు సాపు చేశాడు. ఇన్నాళ్ల తర్వాత ఎవరో తనని నిలదీశారు! తల ఎందుకు కోయాలన్న ఆ కొర్రీ తేలేదాకా ఎవరి తలా కోయడానికి వీల్లేదు, శుక్రవారాలు నిలిచిపోతాయని ఆఫీసు పద్ధతి తెలిసిన ఎవడైనా చెప్పగలడు. దాన్ని తన రిటైర్మెంటు దాకా తేలనివ్వకుండా ఎలా నడపాలో పరాంకుశానికి కొట్టినపిండి. మెమోలో తేదీ కింద సంతకం లేదన్న దగ్గర మొదలుపెట్టి పదకొండు పేజీలు రాశాడు.

సంజాయిషీ సూపరింటెండెంటు ద్వారానే పైకి వెళ్లాలి. ఆఖరి పేజీలో సంతకానికి వదిలిన చోటు కింద పేరు రాయబోతూ పరాంకుశం ఆగాడు. అటూ ఇటూ చూసి, మార్కండేయులు అని రాయాల్సిన చోట పెద్ద అక్షరాలతో ‘మర్కటేయులు’ అని రాశాడు. ఇలాంటి దానికి ఇదివరకైతే కుర్చీలు లేచేవి. ఫైలు తనే పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బాగా చూసి పెట్టండి సార్. ఆఖరి పేజీ ముఖ్యం.”

మార్కండేయులు పేజీలు తిప్పాడు. ఆఖరి పేజీ దగ్గర వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు.

“బాగుందయ్యా” అన్నాడాయన చల్లగా నవ్వి. పెన్ను తీసి, కింద రాసిన పేరుని ఒకసారి చూసుకుని, అందులో ఉన్నట్టే పొల్లుపోకుండా ‘మర్కటేయులు’ అని సంతకం పెట్టి ఇచ్చాడు.